ఊరు చెప్పలేని మాట

బర్నబా మాస్టారు బడి మూసి ఇంటికి వచ్చేసరికి, అరుగు మీద సుక్రు కంబళి కప్పుకుని వణుకుతున్నాడు. అది లంబసింగి చలి కాదు. మూడు వారాలుగా విడవని కొండజ్వరం.

"రోడ్డు కూలీల హాజరు మస్టర్లో నా పేరు పక్కన ఓవర్సీరు 'లేజీ' అని రాసినాడు మాస్టారూ. ఆ మాట పడ్డోడు ఇంకో నెల రాళ్లు మొయ్యాలంట. మోత్తే నేను తిరిగి రాను. రేపు పెద్దదొర గుడారానికొస్తన్నాడు, అర్జీ రాసీండి."

పొద్దుటినుంచి బడిలో అరిచి అరిచి మాస్టారి ఒంట్లో ఓపిక లేదు. పైగా బడి కప్పుకి కలప ఇప్పిస్తానన్నది ఆ ఓవర్సీరే. సంతకం లేకుండా ఆకాశరామన్న అర్జీ రాసేస్తే సరి అనుకున్నాడు.

"ఇంతకీ లేజీ అంటే ఏటి?" అడిగాడు సుక్రు.

"సోమరి. ఒళ్లు వంచనివాడు."

సుక్రు నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "జొరమొచ్చినోడి ఒళ్లు దానికదే ఒంగిపోతాది గదా!"

లోపలినుంచి భార్య పైడమ్మ అందుకుంది. "మొన్నాదివారం ప్రార్థన గుడిలో మీరు సోమరుల మీద గంటసేపు సెప్పినారు. ఈ అన్న ఎనకాల ఇలాగే ఒణుకుతున్నాడు. మీకు అగుపడలేదేటి?"

అగుపడ్డాడు. ఏడో దినాన దేవుడు కూడా విశ్రమించాడని ఆ రోజు తను ఎందుకు చెప్పలేదు? మాస్టారు పాదిరిగారిచ్చిన పాత ఇంగ్లీషు నిఘంటువు తీసి, లేజీ అన్న మాట వెతికాడు.

"ఇందులో ప్రతి మాట కిందా అది ఎక్కడ పుట్టిందో రాస్తారు. దీనికి మాత్రం పుట్టుక తెలియదట. మూడు నాలుగు వందల ఏళ్లుగా వాడుతున్నారు, ఎక్కడినుంచి వచ్చిందో వాళ్లకే తెలియదు."

సుక్రు కంబళి దగ్గరికి లాక్కున్నాడు. "మా ఊరు కొత్తోడొత్తే, నీ ఊరేటి, వంశమేటి అని అడుగుతాం. సెప్పలేనోడికి పొలిమేర కాడ నీల్లిత్తాం గాని పొయ్యి కాడ కూకోనివ్వం. అలాటి మాటనా నా పేరు పక్కన కూకోబెట్టీసినారు?"

మాస్టారు దీపం వెలిగించి రాశాడు. జ్వరం, కడుపులో పెరిగిన బల్ల, రోడ్డు మీద రెండుసార్లు పడిపోవడం. సోమరి అన్న మాట, కాదనడానికైనా, రాయలేదు. చివర సంతకం దగ్గర కలం ఆగింది.

"మీ పేరొద్దులెండి," అన్నాడు సుక్రు మెల్లగా. "బడి కప్పు పోతాది."

"పోతే వానాకాలం బడి మన వసారాలో పెట్టుకుందాం," అంటూ పైడమ్మ సుక్రు ముందు వేడి గంజి పెట్టింది.

మాస్టారు అడుగున తన పేరు రాశాడు. పక్కన తండ్రి పేరు. ఆ పక్కన తన ఊరు.