అడుగున ఉన్న ప్లాను

మా తోడికోడలంటే నాకు అసూయ. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ, వినేవాళ్ళకీ హాయి. ఆమె కూడా ఆర్కిటెక్టేనని తెలిసి, ఇంటికి ఇంకో చెయ్యి తోడైందని అందరూ మురిసిపోతుంటే, ఆఫీసులో నా బల్లను కిటికీ పక్కనుంచి జరపమంటారేమోనని నేను బెంగపెట్టుకున్నాను. ఎవరూ జరపమనలేదు. ఆమే వచ్చి వెలుతురు సరిగ్గా రాని మూలన కూర్చుంది. అదీ నాకు నచ్చలేదు.

మామయ్యగారి ఆఫీసులో ఒక పద్ధతుంది. తెల్లకాగితం మీద ఎవరూ ఇల్లు మొదలుపెట్టకూడదు. సొరుగుల్లోంచి ఏదో ఒక పాత ప్లాను తీసి, బల్లమీద పరిచి, దానిపైన ట్రేసింగ్ పేపర్ వేసి గీయాలి. అడుగునున్న గోడల్లో దేన్ని ఉంచుకున్నా, అది ఎందుకుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే చెరిపెయ్యాలి. "ఊరికే వచ్చిన గోడ ఊరికే పోదమ్మా. ఇంట్లోవాళ్ళు జీవితాంతం దాన్ని చుట్టి తిరగాలి" అంటారాయన.

ఈమధ్య ఆయన ఆఫీసు మాకు వదిలేసి, అత్తయ్యతో ఉండటానికి ఓ చిన్న ఇల్లు కట్టుకుంటానన్నారు. "ఇద్దరూ చెరో ప్లాను గియ్యండి. నచ్చింది కడతాను" అన్నారు. ఇన్నాళ్ళూ నేను పరాయి ప్లాన్లకి మెట్లూ, బాత్రూములూ, అలమరలూ గీసిపెట్టినదాన్నే. ఇది నా ఇల్లు అని వేలు పెట్టి చూపించడానికి ఈ ఊళ్ళో నాకొక్క గోడ లేదు. ఈ ఇల్లు నాది కావాలి. ఆమెది మాత్రం కాకూడదు. నిజం చెప్పాలంటే రెండో కోరికే బలంగా ఉండేది.

బాగా ఆలోచించి, మామయ్యగారికి పేరు తెచ్చిన తొలి ఇంటి ప్లాను తీశాను. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! ఆ ఇంటి నడవా మధ్యలో ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపు గురించి మాకు కాలేజీలో పాఠం కూడా చెప్పారు. వెంట్రుకవాసి తేడా లేకుండా దాన్ని దించాను.

ఆమె ఏం తీసిందో చూద్దామని మంచినీళ్ళ వంకతో ఆ మూలకి వెళ్ళాను. నన్ను చూడగానే మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏ ప్లాను తీశావేంటి?"

"అప్పుడే అడక్కక్కా, నాకే భయంగా ఉంది" అని నవ్వింది. దొంగమొహం అనుకున్నాను.

ఆదివారం భోజనాల బల్ల ఖాళీ చేసి నలుగురం దాని చుట్టూ చేరాం. మామయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని ముందు నాది చూశారు. ఆయన వేలు తిన్నగా వంపు మీదికే వెళ్ళింది.

"ఇదెందుకుంది పెద్దమ్మాయ్?"

ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. "వచ్చేవాళ్ళ అడుగు ఇక్కడ నెమ్మదిస్తుంది మామయ్యా. లోపలి గది ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా కనిపిస్తుంది. దాంతో మనసు..."

"అక్కడ బండరాయి ఉండేదమ్మా" అన్నారాయన. "పగలగొడితే మా గోడలు బీటలు వారతాయని పక్కింటివాళ్ళు గొడవ చేశారు. దానికో దణ్ణం పెట్టి పక్కకి తిరిగాను. మన స్థలంలో బండ ఎక్కడుంది?"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా చెవులు కాలిపోయాయి.

తర్వాత తోడికోడలు తన కాగితాలు పరిచింది. ట్రేసింగ్ పేపర్ కింద ఉన్న ప్లాను చూడగానే గుర్తుపట్టాను. అది నాది. ఒక పళ్ళ డాక్టరు దంపతుల కోసం నేను సొంతంగా గీసిన ఒకే ఒక్క ఇల్లు. వాళ్ళు చివరికి అపార్ట్‌మెంట్ కొనుక్కోవడంతో అది సొరుగులో పడిపోయింది. 'అది నాది' అని అరవొచ్చు. అరవలేదు. ఆమె చేతిలో ఉంది కాబట్టి, నాదే అయినా సరే, అది ఓడిపోవాలని కోరుకున్నాను.

"ఈ కిటికీ?" అన్నారు మామయ్యగారు.

"గిన్నెలు కడుగుతుంటే వీధి తలుపు కనిపిస్తుంది మామయ్యా. తడి చేతులతో పరిగెత్తక్కర్లేదు."

"ఈ అలమర?"

"బాత్రూముకీ మంచానికీ మధ్య అడ్డం. ఒకరు లేచి నీళ్ళు వదిలితే రెండోవాళ్ళ నిద్ర చెడదు."

"ఈ గదుల తలుపులు ఎదురెదురుగా లేవేం?"

"అలిగి ఒకరు ఆ గదిలో కూర్చుంటే, ఇవతలివాళ్ళకి మొహం కనపడకూడదు కదా!"

అత్తయ్య పకపకా నవ్వి, టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళింది.

ఆ గోడలన్నీ గీసింది నేను. ఆ కారణాలు నేనెవరికీ చెప్పలేదు. తలుపుల సంగతైతే నాకే తెలియదు, చెయ్యి ఎలా పోతే అలా గీశాను. ఆమె మార్చిందల్లా ఒక్కటే, మామయ్యగారి మోకాళ్ళ కోసం గుమ్మం ముందు మెట్లు తీసేసి వాలు పెట్టింది. దొంగిలించి ఉంటే తిట్టిపోసేదాన్ని. నా ఇంటిని నాకంటే బాగా అర్థం చేసుకున్నదాన్ని ఏమని తిట్టను?

మామయ్యగారు పై కాగితం ఎత్తి చూశారు. "ఇది నీ ప్లానే కదా పెద్దమ్మాయ్! ఇంత మంచిది సొరుగులో పెట్టుకుని నాదెందుకు తీశావు?"

మీ మెప్పు కోసమని ఎలా చెప్పను? నా కాగితాలు చుట్ట చుట్టడం మొదలుపెట్టాను.

"ఇదే కడదాం. చిన్నమ్మాయి దగ్గరుండి కట్టిస్తుంది, ఏ గోడ ఎందుకో తనకి తెలుసు" అంటూ మేస్త్రికి ఫోన్ చెయ్యడానికి వరండాలోకి వెళ్ళారాయన.

సొమ్మొకడిది సోకొకడిది. నా ఇంటి చేతిలో నేనే ఓడిపోయాను.

అత్తయ్య టీ కప్పులు బల్లమీద పెట్టి, చిన్నమ్మాయిది గెలిచిందని మాత్రం తెలుసుకుని, తోడికోడలి గడ్డం పట్టుకుంది. "నా గిన్నెల దగ్గర్నుంచీ ఎంత బాగా ఆలోచించావే తల్లీ!"

"నాదేం లేదత్తయ్యా. ఇల్లంతా అక్కదే. దానిమీద నేను గీశానంతే."

అందులో ఒక్క అక్షరం పొల్లు లేదు. ప్రాణం లేచొచ్చి, నేను నిటారుగా కూర్చున్నాను. అత్తయ్య నావైపు తిరిగింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"విన్నావా పెద్దదానా? ఎంత మంచి మనసో! తన గొప్పంతా తెచ్చి నీ చేతిలో పెడుతోంది. చూసి నేర్చుకో."