గోడమీది తంబుర

అమ్మ తంబుర లేదని తెలిసిన రోజు నేను వంటింట్లో మా అబ్బాయి రోహిత్ టిఫిన్ డబ్బా సర్దుతున్నాను. అమ్మ పెద్దకర్మ అయి నాలుగు రోజులు. అమ్మ గది తలుపు వెనక మేకు ఒక్కటే కనిపించింది.

తంబుర ఏదండీ అని మా ఆయన్ని అడిగాను.

"ఆఫీసుకి పట్టుకెళ్లాను. ఎత్నిక్ డేకి రిసెప్షన్ గోడకి తగిలించారు. ఎంత మెచ్చుకున్నారో. ఇక్కడైతే దుమ్మేగా."

నేను డబ్బా మూత బిగించాను.

అమ్మ ఆరేళ్ల కిందట బళ్లారి వైపు పల్లె నుంచి ఈ హఫీజ్‌పేట ఫ్లాటుకు వచ్చింది, రోహిత్‌ను చూసుకోవడానికి. అంతకుముందు ముప్పై ఏళ్లు బుర్రకథ చెప్పింది. నాటకాల్లో మీసం అతికించుకుని దుర్యోధనుడు వేసింది. హార్మోనియం వాయించే మనిషి రాని రోజు తానే వాయించింది. ఇక్కడ ఆమె పని పాలు కాచడం, స్కూల్ బస్సు కోసం నిలబడటం. వచ్చినవాళ్లతో ఆయన "మా అత్తగారండీ, పాపం ఖాళీగా కూర్చోలేరు" అనేవారు. ఆమె రాగం తీయబోతే గదిలోంచి "అత్తయ్యగారూ, కాల్‌లో ఉన్నాను" అని వినిపించేది. బడిలో నలభై మంది నోళ్లు మూయించి వచ్చి, ఇంట్లో నేను అమ్మ నోరు మూయించేదాన్ని.

కిందటి నెల సెల్లార్‌లో పనివాళ్లు అన్నాలు తినే వేళ ఆమె ఒక రాణి కథ మొదలుపెట్టింది. మూడు రోజుల కథ. రెండో రోజుకే అసోసియేషన్ గ్రూపులో ఫిర్యాదు వచ్చింది. "నువ్వే చెప్పు, నేనంటే బావుండదు" అన్నారాయన. చెప్పాను.

అమ్మ తంబుర తీగలు వదులు చేసింది. "హారతి పాడకుండా కథ ఇడిసిపెట్టగూడదు పాపా. ఎవురన్నా ముగించాల" అంది. ఆ వారంలోనే పోయింది.

నిన్న లిఫ్టు దగ్గర వాచ్‌మన్ భార్య అండాలు నన్ను ఆపింది.

"టీచరమ్మా, ఆ రాణి కోటలనే ఉండిపాయె. బయటికొచ్చిందా లేదా, జర చెప్పరాదు."

నాకు తెలుసు. పెళ్లికి ముందు ఆ కథకు అమ్మ పక్కన వంత పాడినదాన్ని.

రాత్రి ఆయనతో తంబుర కావాలన్నాను. వచ్చేవారం క్లయింట్లు వస్తున్నారట, ఈలోగా తీస్తే గోడ బోసిగా ఉంటుందట.

"గోడ బోసిగానే ఉండనివ్వండి. రేపు డబ్బా కూడా మీరే కట్టండి" అన్నాను.

బడికి సెలవు పెట్టాను. రాయదుర్గంలో ఆయన ఆఫీసుకి వెళ్లి తంబుర దించాలి. తీగలు బిగించాలి. మూడో రోజు కథా, హారతీ మిగిలే ఉన్నాయి.