వేళ్లు కడిగిన మొక్క

సుభాషిణి వంటింట్లో రొయ్యలు వలుస్తుండగా ఏసురాజు ఖాళీ పెరుగు బకెట్లో ఒక మొక్కని పెట్టుకొచ్చి సింకు పక్కన దించాడు.

"ఇదిగో, నువ్వు చెప్పిన మొక్క. వచ్చే ఆదివారం ఫరాజ్ సాబ్ భోజనానికొస్తున్నాడు కదా, ఆయనకిద్దాం. అందాకా పువ్వు వాడకుండా చూడు" అన్నాడు. ఫరాజ్ సాబ్ అంటే అతను పనిచేసే రాళ్ల క్వారీకి ముదీర్, మేనేజరన్నమాట. ఆయన భార్యకి తోటపని పిచ్చి.

సుభాషిణి చేతులైనా కడుక్కోకుండా బకెట్లోకి వంగి చూసింది. వేళ్లు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. మట్టి రవ్వంత కూడా లేదు.

"మట్టేదండీ?"

"మట్టితో తెస్తే కారు పాడైపోదూ? శుభ్రంగా జాడించి తెచ్చాను. మా పొలంలో నారు ఇలాగే తీసేవాళ్లం. ఒక్క మొక్కా చచ్చేది కాదు."

నారు విషయంలో అతను చెప్పింది నిజమే. కోనసీమలో పుట్టినవాడికి అది ఎవరూ నేర్పక్కర్లేదు. నారుమడిలో పీకి, వేళ్ల బురద నీళ్లలో జాడించి, కట్టలు కట్టి పక్క చేలో గుచ్చితే నాలుగు రోజుల్లో పచ్చగా లేచి నిలబడుతుంది. కానీ ఇది వరి కాదు. దీని వేళ్లలోనూ, వాటిని పట్టుకున్న మట్టిలోనూ కంటికి కనిపించని బూజులాంటిది ఉంటుంది. దాని సాయంతోనే ఇది బతికేది. అమలాపురం డిగ్రీ కాలేజీలో ఆరేళ్లపాటు పిల్లలకి సుభాషిణి చెప్పిన పాఠమే అది. మొగుడికి చెప్పాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. తోచినా, విన్నప్పటి మాట కదా.

మూడు వారాల కిందట క్వారీ వాళ్ల కుటుంబాలన్నీ రాస్ అల్ ఖైమా కొండల్లోని ఒక లోయకి పిక్నిక్ వెళ్లాయి. మగవాళ్లు చికెన్ కాలుస్తూ కబుర్లలో పడ్డారు. ఎంగిలి ప్లేట్లు, షరా మామూలే, ఆడవాళ్ల పాలయ్యాయి. సుభాషిణి తన వంతు ప్లేట్లు తీసుకుని నీళ్లు కారుతున్న రాతి దగ్గరికి వెళ్లింది. ఆ తడిరాతి మీద ఫెర్న్ ఆకుల మధ్య కనిపించిందది. మడతలు పెట్టినట్టున్న ఆకులు, ఆకుపచ్చలో గోధుమరంగు కలిసిన పువ్వులు. కింది రేకు మీద చిక్కుడు తీగకి పేనుబంక పట్టినట్టు సన్నటి నల్లటి బొడిపెలు. వాటిని నిజం పేనుబంకే అనుకుని, తన పిల్లలకి మేతవుతుందని ఒక ఈగ గుడ్లు పెట్టడానికి తచ్చాడుతోంది. సుభాషిణి "ఎపిపాక్టిస్ వెరట్రిఫోలియా" అని పైకే అనేసింది. రెండువేల ఇరవైలో ఉద్యోగం మానేసి మొగుడి వెనక దుబాయ్ వచ్చాక, ఈ మూడేళ్లలో ఆమె నోట ఒక మొక్క పేరు ఇలా రావడం అదే మొదటిసారి. ప్లేట్లు వదిలేసి ఇంకాస్త పైకి ఎక్కింది. రాతి నెర్రెలో ఇంకో రెండున్నాయి, మొగ్గల మీద.

వచ్చేటప్పుడు కారులో ఆనందం పట్టలేక చెప్పేసింది, ఈ దేశపు అడవిలో ఆర్కిడ్ కనిపించడమే అరుదని. "ప్లేట్లు కడగడానికి గంటసేపా అనుకున్నాను, ఇదా సంగతి" అన్నాడు ఏసురాజు. పైనున్న రెంటి సంగతి చెప్పబోతుంటే అతనికి ఫోన్ వచ్చింది. 'అరుదు' అన్న ఒక్క మాటే అతని చెవిన పడిందని ఆమెకి ఇప్పుడు అర్థమైంది.

"ఒక్కసారి తీసుకెళ్లండి, మళ్లీ అక్కడే నాటేస్తాను" అని బతిమాలింది. "ముదీర్‌కి ఫోటో కూడా పంపేశాను, ఇప్పుడు లేదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. సరే, కన్నకూతురికి చేసినట్టు చేసింది. గులకరాళ్లు ఉడకబెట్టి, చల్లార్చి, కుండీలో పేర్చింది. ఏసీ గాలి తగలకుండా బాత్రూములో పెట్టి, గంటగంటకీ తడిగుడ్డ మార్చింది. మధ్యలో అతని చొక్కాలు ఇస్త్రీ, ఆదివారం వంటకి మసాలాలు. వీడియో కాల్లో అత్తగారు, "నీకక్కడ పనేముంది గనక, ఒక్క మొక్కని సాకలేవా అమ్మాయ్?" అంది. గురువారానికి ఆకుల అంచులు నల్లబడ్డాయి. శుక్రవారం గుడ్డ మారుస్తుంటే కాడ మెత్తగా చేతిలోకి వచ్చేసింది. సుభాషిణి బాత్రూము గచ్చు మీద కూలబడి ఏడ్చింది. అతని మీద కోపం కంటే తన నోటి మీదే ఆమెకి ఎక్కువ కోపం వచ్చింది.

ఆదివారం ఫరాజ్ సాబ్ దంపతులకి బిర్యానీ వడ్డిస్తుంటే ఏసురాజు హిందీలో నవ్వుతూ చెప్పాడు, తన భార్య బాటనీ లెక్చరరట, వారం రోజులు ఒక మొక్కని బతికించలేకపోయిందట. ఫరాజ్ సాబ్ నవ్వలేదు. మంచి మనిషే పాపం, ఆమెనే అడిగాడు, అక్కడ అలాంటివి ఇంకా ఉంటాయా అని. ఆమె నోరు విప్పేలోపే ఏసురాజు అందుకున్నాడు. "ఉండకేం సాబ్, ఈవిడే చూపిస్తుంది. వచ్చే శనివారం అందరం వెళ్దాం."

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమెకి లైసెన్సు లేదు, అతని కారు కదిలితే తప్ప ఆ లోయ ముఖం చూడలేదు. శనివారం వెళ్తే ఆపాటికి ఆ మొగ్గలు విచ్చుకుని ఉంటాయి. ఒక్కసారి, ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. వెళ్తే కారు డిక్కీలో బకెట్లు కూడా వస్తాయి.

"లేవు సాబ్" అంది. "లోయంతా వెతికాను. ఆ ఒక్కటే ఉండేది."

"మేడం చదువుకున్నావిడ, లేవందంటే లేనట్టే" అన్నాడు ఫరాజ్ సాబ్. ఏసురాజు కూడా తలూపాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె చదువుని అతను మారుమాట లేకుండా నమ్మింది ఆ రోజే.

సుభాషిణి గిన్నె అందుకుని అతనికి ఇంకాస్త రొయ్యల కూర వడ్డించింది. ఆ లోయకి తీసుకెళ్లమని ఇక ఈ జన్మలో అతన్ని అడగడానికి లేదు.