నాలుగోపేరు డాక్టరు

జెల్ చల్లగా తగిలితే మనుషులు మెడ బిగిస్తారు. మెడ బిగిస్తే తెరమీద రక్తనాళం తప్పించుకుపోతుంది. అందుకని డాక్టరు ముందుగా ఆ సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దుతాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన రోజు అలాగే మొదలవుతోంది. కిటికీ తెరలు దించిన చిన్న గది, దుప్పటి పరిచిన ఎత్తు బల్ల, పక్కన గుర్రుమనే స్కానింగ్ యంత్రం, చక్రాలున్న స్టూలు. ఆ స్టూలు మీద ఓ పక్కకి ఒరిగి కూర్చుని కూర్చుని ఆయన కుడిభుజం ఎడమభుజం కంటే దిగిపోయింది. దర్జీ కూడా ఆ తేడా చూసే చొక్కాలు కుడతాడు.

గుండె డాక్టరే. కానీ పెద్ద పెద్ద ఆపరేషన్లు చేసి పేరుకెక్కిన రకం కాదు. గుండెజబ్బు బయటపడటానికి చాలా ఏళ్ళ ముందే మెడలోని నాళం గోడ మందమెక్కుతుందనీ, దాన్ని కొలుస్తూ పోతే ముప్పు ఎవరికో ముందే చెప్పొచ్చనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకానికే జీవితం ధారపోశాడు. నిజానికి ధారపోసినదంతా పరుల పొలానికే పారింది. ఇతరుల పరిశోధనలకి కొలతలు తీసిచ్చేవాడు. అవి అచ్చయితే ఆయన పేరు ఎప్పుడూ నాలుగోదే. ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లు చాటుగా ‘నాలుగోపేరు’ అనేవారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "పోనీలే, అయిదోవాడికంటే నయమేగా" అని భార్య దగ్గర నవ్వేసేవాడు. నవ్వాడు కదా అని బాధ లేదనుకోకండి. బోలెడంత ఉంది.

ఈ ఒక్క అధ్యయనం మాత్రం ఆయన సొంతం. ఏ జబ్బూ లేని కొందరిని ఎంచుకుని, ఏటా పిలిచి, మెడ కొలిచి పంపడం. ఏం కనబడిందో వాళ్ళకి చెప్పరు. చెబితే భయపడి మందులూ మాకులూ మొదలుపెడతారు, అసలు సంగతి తేలదు. మరీ బాధలు కనబడితే మాత్రం వెంటనే వార్డుకి పంపాలన్న నియమమూ ఉంది. అది ఆయనే రాసుకున్నాడు. వాళ్ళలో ఎవరికైనా గుండెపోటు వస్తే దాన్ని పరిశోధన భాషలో ‘ఘటన’ అంటారు. ఘటనలు తగినన్ని లేకపోతే ఫలితం నిలబడదు. శనివారంతో గడువు ముగుస్తుంది. లెక్కలు చూసే అమ్మాయి, అందరూ లెక్కలమ్మాయి అనే పిల్ల, నిన్ననే వచ్చి చెప్పింది.

"ఇంకొక్కటి తక్కువైంది సార్. ఆ ఒక్కటీ ఉంటే ఈసారి మీ పేరే ముందు."

కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా అంది. ఆయనా అంత మామూలుగానే తలూపాడు.

ఇవాళ మొదట వచ్చినవాడు రిటైరైన బస్సు డ్రైవరు. మొదటి ఏడాది నుంచీ వస్తున్న మనిషి. భారీ శరీరం, నున్నగా గీసిన గడ్డం, తళతళలాడే నల్లబూట్లు, గదిలోకి వచ్చీ రాగానే ఏదో ఒక వేళాకోళం. ఈసారి వస్తూనే గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం డాక్టరుగారూ, మెట్లు కాస్త ఎత్తు పెంచారా ఏమిటి? రెండుసార్లు ఆగాల్సొచ్చింది. దవడ పట్టేస్తోంది."

"ఎప్పట్నుంచి?"

"ఓ వారం అవుతోంది. ఇవాళ పొద్దున ఊరికే కూర్చున్నా పట్టేసింది. పన్ను పుచ్చిందేమో అనుకున్నా. తీరా చూస్తే పుచ్చడానికి అక్కడ పన్నే లేదు!"

డ్రైవరు పకపకా నవ్వి బల్ల ఎక్కాడు. డాక్టరుకి నవ్వు రాలేదు. ఊరికే కూర్చున్నప్పుడు దవడ లాగిందంటే అది పంటి నొప్పి కాదు, గుండె పెడుతున్న కేక. వైద్యం చదివే కుర్రాడిక్కూడా తెలిసిన సంగతే. తెరమీద చూస్తే నాళం లోపల కొవ్వు గట్టుకట్టి, నెత్తురు పారే దారి సందుగొందులా మిగిలింది. వరండా దాటితే అత్యవసర వార్డు. తీసుకెళ్ళి అప్పగిస్తే వాళ్ళు గుండె నాళం తెరిచి మనిషిని నిలబెడతారు. కానీ వైద్యం జరిగినవాణ్ణి లెక్కలోంచి తీసేయాలి. అతను ఇటూ కాడు, అటూ కాడు. పైగా ఒక్కటి తక్కువైంది.

ఆ మాటని డాక్టరు పూర్తిగా అనుకోలేదు. సగం అనుకుని, మిగతా సగం మింగేశాడు. శనివారం ఎంతలో ఉంది, ఈలోగా ఏమవుతుందిలే అనుకున్నాడు. కాగితంతో డ్రైవరు మెడమీది జెల్ మెత్తగా తుడిచాడు.

"ఎలా ఉంది డాక్టరుగారూ? బండి ఇంకా లాగుతుందా?"

డాక్టరు కళ్ళు తెరమీదే ఉంచాడు. "బాగానే ఉంది. సోమవారం ఒకసారి వచ్చి కనపడండి. తీరిగ్గా మాట్లాడుకుందాం."

"మీరు బాగుందన్నారు, నాకంతే చాలు." డ్రైవరు చెయ్యెత్తి నమస్కారం పెట్టి, గోడ వారగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. డాక్టరు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఒక్క కేకేస్తే వినబడే దూరం. ఇంతలో రెండో మనిషి లోపలికొచ్చి బల్ల ఎక్కి పడుకుంది.

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, తిన్నారా? శనివారంతో అయిపోతుందిగా మీ యజ్ఞం. ఈసారైనా నా మొగుడి పేరు ముందుంటుందా, లేక వెనకబెంచీయేనా?"

"చూద్దాం" అన్నాడు. ఆవిడతో చెప్పాలనిపించింది. చెబితే ఆవిడ ఏమంటుందో తెలుసు. "మీకేమన్నా మతిపోయిందా, లేచి పరిగెత్తండి" అంటుంది. అందుకే చెప్పలేదు.

తెచ్చుకున్న అన్నం డబ్బా మూతైనా తియ్యలేదు. పక్కన పడేసి డ్రైవరు నంబరుకి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. కునుకు తీస్తున్నాడు కాబోలు అని తనకి తానే సర్ది చెప్పుకుని మళ్ళీ చేశాడు. అప్పుడే లెక్కలమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"సార్, పొద్దున వచ్చిన డ్రైవరుగారు... అత్యవసర వార్డుకి తీసుకొచ్చారు. వచ్చేసరికే ప్రాణం లేదట." గొంతు తగ్గించి, "గడువులోపలే కాబట్టి మన లెక్కలోకే వస్తారు సార్" అంది.

అమ్మయ్య!

ముందు వచ్చింది అదే. ఏడుపు కాదు, భయం కాదు, అమ్మయ్య. ఒక్క క్షణమే, కానీ వచ్చింది. వెంటనే తల కొట్టేసినట్టయింది ఆయనకి. ఛీ, నేను మనిషినేనా అనుకున్నాడు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఆ పిల్ల ఎదుట కళ్ళెత్తలేక యంత్రం కట్టేసి, తీగలు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిందే మళ్ళీ మళ్ళీ చుట్టాడు.

సాయంత్రం ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ముందు గదినిండా జనం. డ్రైవరు భార్య గోడకి జారగిలబడి ఉంది. ఒకటి రెండుసార్లు మొగుడి వెంట ఆసుపత్రికి వచ్చిన మనిషి, ఆయన్ని గుర్తుపట్టి లేవబోయింది.

"అన్నయ్యగారూ, మీరే వచ్చారా! పొద్దున మీ దగ్గర్నించి వచ్చి, ‘బాగుందన్నారే, ఇహ నన్ను సతాయించకు’ అని నవ్వుతూ పడుకున్నాడండీ. మళ్ళీ లేవలేదు. మొన్న అమ్మాయి వేరే డాక్టరు దగ్గరికి పోదామని మొత్తుకుంటే ససేమిరా అన్నాడు. నాకు నా డాక్టరుగారున్నారు, ఆయన చూస్తున్నంతకాలం నాకేం కాదన్నాడు. మీ దగ్గరికొచ్చే రోజు పెళ్ళికెళ్ళేవాడిలా తయారయ్యేవాడు. ఇరవై ఏళ్ళూ మీ వైద్యమే కదా అన్నయ్యగారూ!"

వైద్యం! ఇరవై ఏళ్ళలో ఆ మనిషికి తాను ఒక్క మాత్ర ఇచ్చిన పాపాన పోలేదు.

"నేను వైద్యం చెయ్యలేదమ్మా" అన్నాడు. "ఊరికే కొలిచాను. అంతే."

"గొప్పవాళ్ళు అలాగే అంటారు" అందావిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

అక్కడితో ఊరుకుని వచ్చేయొచ్చు. సగం నిజం చెప్పాడు, సగం గౌరవం దక్కింది. కాళ్ళు గుమ్మం వైపు తిరిగాయి కూడా. అప్పుడు, తల్లి పక్కన కూర్చున్న కూతురు తలెత్తింది.

"పొద్దున మీకేం కనపడలేదా డాక్టరుగారూ?"

జీవితమంతా కనబడింది కనబడినట్టు కొలిచిన మనిషి. ఆయనకి అబద్ధం చెప్పే అలవాటు ఇవాళ పొద్దున్నే అయింది.

"కనపడిందమ్మా" అన్నాడు. "నొప్పి సంగతి తనూ చెప్పాడు. నేనే వార్డుకి పంపలేదు. వైద్యం చేయిస్తే నా లెక్కలోంచి పోతాడని పంపలేదు."

డ్రైవరు భార్య, అర్థంకానట్టు, ఆయన మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. కూతురు లేచి వచ్చింది. చెయ్యెత్తుతుందేమో అనుకున్నాడు. ఎత్తితే బాగుండుననీ అనుకున్నాడు. ఆ అమ్మాయి తలుపు బార్లా తీసి పట్టుకుంది.

"వెళ్ళండి."

ఆయన తలవంచుకుని బయటికొచ్చి తన చెప్పుల కోసం తడుముకున్నాడు. వాటిని ఆనుకుని ఒక జత నల్లబూట్లు ఉన్నాయి. తోలు మడతలు పడేంత పాతవి, అడుగు మాత్రం అరగలేదు, పొద్దున పెట్టిన పాలిష్ ఇంకా మెరుస్తోంది, మడిచిన మేజోళ్ళు వాటిలో కుదురుగా దోపి ఉన్నాయి.