స్టార్ కట్టని ఇల్లు

ఆరో నంబరు మంచం మీది ముసలాయనను ఒక పక్కకు ఒత్తిగిలించి, మాసిన దుప్పటి సగం చుట్టి, ఉతికినది సగం పరిచింది ఎస్తేరు. ఆసుపత్రి ఆయాగా ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. దుప్పటి ఎవరిదైనా ఆమె కళ్లు ముందు గోళ్ల మీదికే పోతాయి. అవి నీలం తిరిగితే ఇంకెన్ని రోజులో డాక్టరు చెప్పనక్కర్లేదు. పొద్దున పెనిమిటి సాల్మన్‌కు గంజి తాగిస్తూ అతని గోళ్లూ చూసింది. చూడకపోతే బాగుండేది.

కాజీపేటలో రైలు పట్టాల పని చేసి రిటైరైన సాల్మన్, ఊపిరితిత్తులు పాడై రెండు నెలలుగా మంచంలోనే ఉన్నాడు. ఏటా డిసెంబరు ఒకటికల్లా వాకిట్లో వెదురుబద్దల క్రిస్మస్ స్టార్ కట్టి, బల్బు వెలిగించి, గల్లీ చివరిదాకా పోయి చూసుకుని మురిసేవాడు. ఈ యేడు ఇరవయ్యో తారీఖు వచ్చినా అది అటక దిగలేదు. చావు జరిగిన ఇంట్లో ఆ యేడు స్టార్ పెట్టరు. ఇవాళ కట్టి రేపు తన చేతులతోనే విప్పాల్సి వస్తే? అందుకే అటక వైపు చూడటమే మానేసింది ఎస్తేరు.

మధ్యాహ్నం పక్కింటి అరుణ ఫోన్ చేసింది.

"వదినా, మీ చర్చి పాటలోళ్లు ఇయ్యాల మన గల్లీకి వస్తాండ్రట. చెప్పనీకొచ్చిన ఆ రాజేష్ స్టార్ లేదని చూసి నన్ను అడిగిండు, సాల్మనన్న ఎప్పుడు పోయిండని. లోపల అన్న విన్నడు. అప్పటి సంది మంచినీళ్లు గూడ ముడుతలేడు."

పాపం, రాజేష్‌ను అనడానికేం లేదు. స్టార్ లేని ఇల్లు చూస్తే ఆ చర్చివాళ్లెవరైనా అంతే అనుకుంటారు. కానీ స్టార్ కట్టనిది ఎస్తేరే. బతికున్న మనిషిని తనే చంపేసిందా?

సెలవు చెప్పి ఆటో ఎక్కేసరికి చలికాలపు పొద్దు వాలిపోయింది. ఇంటికి చేరి, అటక మీది స్టార్ దించి, స్టూలెక్కి, తాడు ముడివేసి స్విచ్ నొక్కింది. ఎర్రటి వెలుగు గడప దాటి మంచం దాకా వచ్చింది.

"ఎడమ దిక్కు వంగింది, జర సరిజెయ్యి," అన్నాడు సాల్మన్ లోపలి నుంచి.

"నాకు భయమైతాందయ్యా."

"ఐతే ఏం. చీకటి పడ్డంకనే గదా పెట్టుకునేది."

ఏడింటికి పాటలవాళ్లు వచ్చారు. రాజేష్ సిగ్గుతో సాల్మన్ పాదాలు పట్టుకున్నాడు. రెండో పాటకు సాల్మన్ వేళ్లు మంచం పట్టె మీద తాళం వేశాయి. మూడో పాట సగంలో ఆగిపోయాయి. ఎస్తేరు ఈసారి అతని గోళ్లు చూడలేదు. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, పాట అయిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

తెలిశాక రాజేష్ కళ్లు తుడుచుకుని, ఆనవాయితీ ప్రకారం స్టార్ ఆర్పడానికి లేచాడు.

"ఉండనియ్యి తమ్మీ," అంది ఎస్తేరు. "పండుగ దాక వెలుగనియ్యి. ఆయన ఎటు పోయిండో మనకు తెల్వదా."

ఎవరూ స్విచ్ ముట్టుకోలేదు. పాటలవాళ్లు వస్తూనే సాల్మన్ పక్కన పెట్టిన వచ్చే యేటి చర్చి క్యాలెండరు, రబ్బరుబ్యాండు తీయకుండా, చుట్టినట్టే ఉంది.