రోసమ్మ జడ లేచిన మ్యాట్నీ

ఈ సంగతి నాకు మొదట చెప్పింది బిక్షం. బోయిగూడ దగ్గరి పాత టాకీసులో ముప్పై నాలుగేళ్ళుగా గేటు దగ్గర టికెట్లు చింపుతున్నోడు. మనిషి మంచోడే గాని ఉన్నదానికి జెర ఉప్పు కారం కలుపుతడు. అందుకని నేను రోసమ్మను అడిగి, దేవకృపను అడిగి, వాడు కలిపిందంతా తీసేసి చెప్తున్న.

రోసమ్మ రైల్వే పార్సిల్ ఆఫీసులో, వారం సెలవు శుక్రవారమే పెట్టించుకుని, పనిచేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. శుక్రవారం వస్తే పొద్దున్నే తలంటు పోసుకుని, జుట్టు ఆరినంక గట్టిగా ఒకటే జడ వేసి, పన్నెండింటికి అన్నం తిని, మ్యాట్నీకి నడిచి వచ్చేది. దయ్యాల సినిమా అయితేనే. ప్రేమలకు, ఫైటింగులకు ఆమె టికెట్టు కొనలేదు. బాల్కనీలో చిట్టచివరి వరుస, తలుపు పక్క సీటు ఆమెది. నిజంగా భయం పుట్టించే సీను వచ్చిందంటే ఆమె జడ లేచి నిలబడేది. వెనక మనుషులుంటే వాళ్ళకు తెర కనబడదు. ఒకసారి హౌస్‌ఫుల్లయి నడుమ వరుసలో కూర్చుంటే, "ఆంటీ, జడ దించుండ్రి, హీరోయిన్ కనిపిస్తలేదు" అని వెనక ఒకటే లొల్లి. అప్పటినుంచి బిక్షం ఆ చివరి సీటు ఇంకెవరికీ ఇవ్వలేదు.

టాకీసు సేటు హరికిషన్ ఇంటర్వెల్ కాగానే కిందికొచ్చి ఒకటే మాట అడిగేటోడు.

"లేచిందా?"

"జానెడు లేచింది సేటు" అని బిక్షం అంటే బొమ్మ రెండు వారాలు. మూరెడు అంటే నెల. "లేవలే" అంటే సోమవారానికి వేరే పోస్టర్ పడేది. ఒక్కసారి సుత లెక్క తప్పలేదు.

ఆట విడిచినంక రోసమ్మ గేటు దగ్గర నిలబడి తీర్పు చెప్పేది. బిక్షం చాయ్ తెప్పించి వినేటోడు.

"దయ్యానికి ఉరుకుడెందుకు బిక్షం? చచ్చినోళ్ళకు బస్సు పోతదా?"

"పోదమ్మా."

"తెల్లచీర కట్టి జుట్టు విరబోస్తే అయిపాయెనా? తలంటు పోసుకున్నప్పుడు నేను సుత గట్లనే ఉంటా. తలుపు కిర్రుమంటే నూనె పెట్టుకోవాలె, భయపడుడెందుకు? ఇప్పటోళ్ళు దయ్యం రాకముందే డప్పులు కొడుతున్నరు. చెవులు అదురుతున్నయి గాని గుండె అదుర్తలేదు."

"నవ్వించే దయ్యాల సినిమాలు బాగనే ఆడుతున్నయి కదమ్మా."

"నవ్విస్తే అది దయ్యం కాదు, చుట్టం."

ఆమెకు నచ్చిన దయ్యం ఒక్కటే. ముప్పై ఏళ్ళ కింద వచ్చిన సినిమాలో బావిలోంచి ఎక్కివచ్చే దయ్యం. ఆ సినిమా పేరు ఎవరూ అనరు, అందరూ బావి సినిమా అనే అంటరు. ముఖం నిండా తడి జుట్టు, ఒంటికి బియ్యప్పిండి, ఒక కాలు వెనక ఈడ్చుకుంటూ మెల్లగా, ఎవరి మీదా కోపం లేనట్టు నడుచుకుంటూ వస్తది. హీరో ప్రభంజనే ఆ వేషం సుత కట్టిండని అప్పట్లో పేపర్లన్నీ రాసినయి. ఆ రోజు రోసమ్మ జడ మొత్తం నిలువునా లేచి, చివరి రిబ్బను సుత ఊగలేదట. జడ ఫ్యాను రెక్కకు తాకిందని బిక్షం చెప్తడు. తాకలేదు. నేను రోసమ్మనే అడిగిన.

అప్పటినుంచి దయ్యాల సినిమా కాకపోయినా సరే, ప్రభంజన్ సినిమా ఒక్కటి వదల్లేదు ఆమె. పోలీసుగా చేస్తే చూసింది, జమీందారుగా చేస్తే చూసింది, ముసలితనంలో ఇంకో రెండు దయ్యాల వేషాలు వేస్తే వాటినీ చూసింది. నలభై సినిమాలు. జడ ఇంచు కదల్లేదు. "గంత నడక తెలిసినోడు ఎట్ల మరిచిపోయిండు?" అని ఆమె మనసులో పెట్టుకుని బాధపడేది. చెప్పుకోదగ్గ బాధ కాదు గాని ముప్పై ఏళ్ళ బాధ.

ఇక నతానియేల్ సంగతి. బోయిన్‌పల్లిలో కార్పెంటరు. చిన్నప్పటి జ్వరం వల్ల ఎడమ కాలు ఈడుస్తడు. ఆ బావి చెక్కలతో కట్టినోళ్ళలో ఆయనొకడు. షూటింగు రోజు ప్రభంజన్ ఆ నీళ్ళు చూసి, దిగనన్నడు. బావిలోపల చెక్క సరిచేసి పైకి ఎక్కివస్తున్న నతానియేల్‌ను డైరెక్టర్ చూసి, "గిట్లనే మళ్ళీ ఎక్కు" అన్నడు. మూడు దినాలు ఎక్కించిండు. తెర మీద పేరు మాత్రం హీరోది పడ్డది.

ఆయన ఆ మాట ఇంట్లో ఒక్కసారే చెప్పిండు. అప్పుడు బిడ్డ దేవకృప మూడో తరగతి. మరునాడు బడిలో లేచి నిలబడి, "ఆ దయ్యం మా డాడీ" అన్నది. టీచరు అబద్ధమాడిందని బెంచీ ఎక్కించింది. ఏడాదంతా పిల్లలు కాలు ఈడ్చుకుంటూ ఆమె వెనక నడిచిండ్రు. బడి మారినా ఆ అవమానం వదల్లేదు. పెరిగి తనే టీచరయినంక సుత, తండ్రి గొప్పకు అన్నడని ఒక మూల నమ్మింది. తండ్రితో అన్నం తిన్నది, చర్చికి పోయింది, ఆ సినిమా మాట మాత్రం ఇంట్లో రానియ్యలేదు. తల్లి పోయినంక ఇద్దరే మిగిలిండ్రు. నిరుడు జూన్‌లో దేవకృపకు బోయిగూడ బడికి ట్రాన్స్‌ఫర్ అయితే ఇద్దరూ ఇటు వచ్చిండ్రు.

మొన్న ఆగస్టులో ప్రభంజన్ పుట్టినరోజని అభిమాన సంఘం అధ్యక్షుడు ఓంప్రకాశ్ బావి సినిమాను మళ్ళీ వేయించిండు, ఒక్క మ్యాట్నీ. కటౌట్లు, బ్యాండు, కాగితం ముక్కలు, అంతా లొల్లి. గోడ మీద పోస్టర్ చూసి నతానియేల్ రెండు రోజులు అన్నం సరిగ్గ తినలేదు.

"ఒక్కసారి చూసొస్తనమ్మా. కళ్ళు సుత మసక పడ్తున్నయి."

"మీ ఒక్కరినే ఎందుకు, నేనూ వస్తాను. కానీ డాడీ, ఆ మాట మాత్రం అక్కడ ఎవరితోనూ అనొద్దు. మా బడి వాళ్ళు కూడా వస్తారు. ప్రామిస్ చేయండి."

ఆయన బిడ్డ చేతిలో చెయ్యేసిండు.

వాళ్ళకు బాల్కనీలో చివరినుంచి రెండో వరుస దొరికింది. వాళ్ళు కూర్చున్నంక వెనకనే రోసమ్మ వచ్చింది. ఇంటర్వెల్‌కు ముందే బావి సీను. తెర మీద చెయ్యి బావి గట్టును పట్టుకోగానే ఈలలేసే పోరగాళ్ళు సుత గప్‌చుప్. రోసమ్మ జడ లేచి నిలబడ్డది. నతానియేల్ తెరనే చూస్తూ, తెలియకుండానే ఎడమ మోకాలు పట్టుకున్నడట. దేవకృప ఆ చెయ్యి చూసింది.

లైట్లు వెలిగినయి. జడ దిగింది. నతానియేల్ బిడ్డ కోసం సమోసాలు తెస్తనని కిందికి పోయిండు. రోసమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నది. కాసేపటికి ఆయన కాగితం పొట్లం పట్టుకుని, గోడకు చెయ్యానించి, బాల్కనీ మెట్లు ఎక్కుతున్నడు. కాలు ఈడ్చుకుంటూ మెల్లగా. తలుపు రోసమ్మ వెనక ఉంది, ఆమె చూడలేదు. జడ చూసింది. లైట్ల వెలుగులోనే సర్రున లేచి నిలువునా నిలబడ్డది.

రోసమ్మ వెనక్కి తిరిగింది. కళ్ళద్దాలు పెట్టుకుని ఆయన కాళ్ళ దిక్కు చూసింది.

"అయ్యా, జెర ఆగుండ్రి. నాలుగు మెట్లు దిగి మళ్ళీ ఎక్కుతారా?"

నతానియేల్ పొట్లం ఇంకో చేతికి మార్చుకున్నడు. నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కిండు. జడ ఒక్క పిసరు దిగలేదు.

"ప్రభంజన్‌కు నలభై సినిమాల్ల లేవలే. మీరు సమోసాలు పట్టుకుని నడిస్తే లేచింది. బావిలకెల్లి ఎక్కింది మీరేనా?"

చుట్టూ మనుషులు తిరిగి చూస్తున్నరు. నతానియేల్ బిడ్డ దిక్కు చూసి తల దించుకున్నడు.

"నేను మాట ఇచ్చినమ్మా. చెప్పలేను."

ఓంప్రకాశ్ మెడల కండువా సర్దుకుంటూ వచ్చిండు. "ఏందమ్మా గీ లొల్లి? మా అన్న పుట్టినరోజు నాడు ఎవరినో తెచ్చి దయ్యమంటున్నవు. ఏ ముసలాయన అయినా గట్లనే నడుస్తడు."

"అయితే నువ్వు నడువు" అన్నది రోసమ్మ.

ఓంప్రకాశ్ నడిచిండు. కాలు ఈడ్చిండు, మెడ వంచిండు, మూలిగిండు సుత. జడ పడిపోయి వీపు మీద పండుకున్నది. బాల్కనీ అంతా నవ్వు. నతానియేల్ ఒక్క మెట్టు ఎక్కిండు. జడ లేచింది. నవ్వు ఆగింది.

అప్పుడు దేవకృప లేచింది. ఆమెతో పనిచేసే టీచర్లు మూడు వరుసల ముందు కూర్చుని చూస్తున్నరు. ముప్పై ఏళ్ళ కింద బడిలో నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిలబడి, అందరికీ వినిపించేటట్టు అన్నది.

"ఆ దయ్యం మా డాడీ."

ఎవరూ ఆమెను బెంచీ ఎక్కించలేదు. బిక్షం టార్చిలైటు తెచ్చి నతానియేల్ కాళ్ళ ముందు వెలుగు వేసి, మెట్టు మెట్టు చూపించుకుంటూ తీసుకొచ్చిండు. దేవకృప ఆయన చేతిలో పొట్లం తీసుకుని, "చల్లారిపోయినయి డాడీ" అని, ఆయన భుజం మీద ముఖం పెట్టింది. ఆయన బిడ్డ వీపు నిమిరిండు. అంతే. ఆట మళ్ళీ షురూ అయింది.

ఇప్పుడు ప్రతి శుక్రవారం నతానియేల్ సుత వస్తడు. రోసమ్మ పక్క సీటు ఆయనది, దాని విరిగిన చెక్క చెయ్యి ఆయనే రిపేరు చేసుకున్నడు. దయ్యానికి అడుగు ఎంత మెల్లగా పడాలె, తల ఎప్పుడు ఎత్తాలె అని ఇద్దరూ గుసగుసలాడుకుంటరు. బడి విడిచినంక దేవకృప వచ్చి ఇద్దరినీ చాయ్‌కి తీసుకుపోతది. పరేషాన్ అయింది హరికిషన్ సేటొక్కడే. నతానియేల్ మెట్లెక్కంగనే జడ లేస్తది, సినిమా అయ్యేదాకా దిగదు. ఇక ఏ బొమ్మ ఎన్ని వారాలాడుతదో చెప్పేటోళ్ళు లేరు.

ఓంప్రకాశ్ మాత్రం ఆ రోజు జడ లేపింది ఏసీ గాలి అని ఇప్పటికీ అంటున్నడు. ఆ టాకీసులో ఏసీ నడవక రెండేళ్ళు దాటింది. ఫోన్లో ఆ సినిమా తీస్తే దయ్యం పేరు కాడ ఇంకా ప్రభంజన్ అనే ఉన్నదని దేవకృప చదివి వినిపించింది. ఆ పేజీ ఎవరైనా దిద్దొచ్చు గాని సొంత బిడ్డ రాస్తే చెల్లదట, వేరేవాళ్ళు ఎవరన్నా మార్చాలట. చదువుకున్నోళ్ళు, ఫోన్లో రాయవచ్చినోళ్ళు ఎవరన్నా ఆ పేరు తీసి నతానియేల్, కార్పెంటరు, బోయిన్‌పల్లి అని పెట్టుండ్రి. అనుమానముంటే ముందుగాల శుక్రవారం మ్యాట్నీకి వచ్చి, ఆయన మెట్లెక్కేటప్పుడు చివరి వరుస చూసిపోయి, అప్పుడే మార్చుండ్రి.