కొండలు కొడుక్కి, తెడ్డు అల్లుడికి

మా మామ దాలయ్య తెప్ప మీద ఇరవై ఏళ్ళుగా తెడ్డు వేస్తున్నాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూడనివ్వలేదు.

మా వజ్రపుకొత్తూరు సముద్రంలో నీళ్ళ కింద బండలున్న చోటొకటి ఉంది. కోనాం చేప అక్కడే చేరుతుంది. ఆ చోటుకి గుర్తు ఒడ్డు వెనక కొండల్లో ఉంటుంది. ఏ కొండ ఏ కొండ పక్కకి వచ్చినప్పుడు గాలం వెయ్యాలో తెప్ప వెనక నిలబడ్డవాడు చూసుకుంటాడు. ముందు కూర్చుని తెడ్డు వేసేవాడు మెడ తిప్పితే దొంగతనం కిందే లెక్క. గుర్తు తండ్రి కొడుక్కి చెప్పాలి. అల్లుడికి చెప్పకూడదు.

ఆయన కొడుకు ఢిల్లీరావు పలాస రైల్వే స్టేషన్లో కలాసీ. తెప్పెక్కితే వాంతి చేసుకుంటాడు. అయినా కొండలు వాడివే.

"ఆడికి సెప్పినావేటి మావా?" అని అడిగేవాణ్ణి.

"ఒత్తాడు, సెప్తాను. నీకేటి తొందర? తెడ్డెయ్."

జమీందారీలు రద్దయిన మరుసటేడు వరసగా ఖాళీ గాలాలతో తిరిగొచ్చాం. వాన వెలిసి ఆకాశం కడిగినట్టున్న రోజున కూడా మామ "మంచు కమ్మీసింది, కొండలు అవుపడ్డం లేదు" అన్నాడు.

"మీ అయ్యకి సూపు పోనాది" అన్నాను ఇంటికెళ్ళి, నా భార్య కాసులమ్మతో.

"ఆ మాట ఆయన ముందు అనీకు" అంది. అంటే తనకీ తెలుసు. పిల్లలు గంజి తాగి పడుకున్నా నోరు విప్పలేదు.

మర్నాడు నడినెత్తిన ఎండలో, సముద్రం మధ్యన, తెడ్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏటయ్యింది?"

"నీకు కొండలు అవుపడవు. నాకు అవుపడతాయి. సెప్పు."

"నా కొడుకుండగా నీకెలగ సెప్పీదిరా?"

"నీ కొడుకు పలాసలో జెండాలు మడతెడతన్నాడు. పిలు. రైలెక్కి ఇక్కడికొత్తాడు."

నేను తెడ్డు ముట్టలేదు. తెప్ప అలలకి ఇష్టమొచ్చినట్టు తిరుగుతోంది. చివరికి చెప్పాడు.

"తల్లికొండ పెద్దది, దూరంగుంటాది. పిల్లకొండ దాని సంకెక్కాల. అప్పుడెయ్యాల గాలం. అదుగో" అని చెయ్యి చాపాడు.

మొదటిసారి వెనక్కి తిరిగాను. పెద్దది మహేంద్రగిరి. చిన్నది మందస పక్కది. నాలుగో తరగతిలో మాస్టారు వీటన్నిటికీ కలిపి తూర్పు కనుమలని ఒకే పేరు చెప్పారు. మందస సంతకి నడిచినవాణ్ణి, ఆ రెంటి మధ్యా ఎంత అడివుందో నాకు తెలుసు. వాటిని తల్లీపిల్లలని సముద్రం మీంచి చూసినవాడే అంటాడు. ఇరవై ఏళ్ళు నడిసముద్రంలో నా వీపుకి తప్ప కళ్ళకి దక్కని కొండలు.

మామ చెయ్యి చాపిన వైపు మాత్రం కొండల్లేవు. ఉత్త నీళ్ళు. తెప్ప తిరిగిపోయిందని ఆయనకి తెలీలేదు.

జాలి వెయ్యాలి కదా. వెయ్యలేదు. ఆ చెయ్యి పట్టుకుని కొండల వైపు విసురుగా తిప్పాను.

"పిల్ల సంకెక్కిందేటి?" అన్నాడు.

"నేదు. ఎడం పక్కనే ఉండిపోనాది. ఇంకా దచ్చినం పోవాల."

భుజం పట్టుకుని ఆయన్ని ముందుకి జరిపాను. తెడ్డు ఆయన ఒళ్ళో పడేసి, వెళ్ళి తెప్ప వెనక నిలబడ్డాను.

"ఎనక్కి సూడకు, మావా" అన్నాను. "తెడ్డెయ్."